అమ్మ భుజం కోసం ఒక యంత్రం

ఉమ్మడి నిజామాబాద్ జిల్లా బీర్కూర్‌లో పని అంటే ముందు వరి. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీళ్లు కాలువల మీదుగా బాన్సువాడ, బీర్కూర్, వర్ని, బోధన్ దాకా మడులను పచ్చగా మార్చాయి. నాట్లప్పుడు ఆడవాళ్లు మడిలోకి దిగితే మళ్లీ నడుము ఎత్తేది సద్ది తినేటప్పుడే. నాట్లు, కలుపు లేని రోజుల్లో జిల్లాలో ఏ ఊరికి పోయినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. కోతలు మొదలైతే కొనుగోలు కేంద్రాల్లో, రైస్‌మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీల వంతు. ఒకరికి నడుము, ఒకరికి మెడ, ఒకరికి మోకాలు. రాత్రి బామ్ రాసుకుని పడుకుంటారు, మరీ ఓర్చుకోలేకపోతే మెడికల్ షాపుకు పోయి గోలీ తెచ్చుకుంటారు, తెల్లారితే మళ్లీ అదే పనికి పోతారు.

ఉద్యోగుల ఆరోగ్యం, పనిచోట క్షేమం అనే మాటలు ఇప్పుడు హైదరాబాద్ కంపెనీల్లో బాగా వినిపిస్తున్నాయి. నడుముకు ఆనే కుర్చీ ఇస్తారు. ఏడాదికోసారి రక్తపరీక్షలు చేయిస్తారు. మనసు బాగోలేనివారితో మాట్లాడడానికి మనిషిని పెడతారు. ఇవన్నీ కావలసినవే, ఇంకా కావలసినవే. ఇల్లే కార్ఖానా అయిన మనిషి దగ్గరికి మాత్రం ఈ మాట రాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నాలుగు గోడల కార్ఖానాను దృష్టిలో పెట్టుకుని రాసినది. అరుగు మీద, మగ్గం గుంటలో, వంటింటి పక్కన జరిగే పనిని చూడడానికి ఇన్‌స్పెక్టర్ రాడు. ఇంటివద్ద పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రత్యేకంగా ఒక ఒప్పందం చేసింది. అది 177వ నంబరు ఒప్పందం. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

మరి అలాంటి ఇంట్లో, అలాంటి పనిలో, పనిచేసే మనిషి ఒంటిని కాపాడిన మంచి ఉదాహరణ మన దగ్గర ఏదైనా ఉందా అంటే, ఉంది. దానికి మన తెలంగాణలోనే ఆలేరు దాకా పోవాలి. చట్టం, పథకం, కంపెనీ ఏదీ చేయనిదాన్ని ఆరో తరగతితో బడి మానేసిన ఒక నేతన్న చేతితో చేసి చూపించారు. ఆయన పేరు చింతకింది మల్లేశం. ఆ వస్తువు పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ, 2019లో ప్రియదర్శి నటించిన 'మల్లేశం' సినిమా వచ్చాక ఆయన కథ చాలామందికి తెలిసింది. కథ తెలిసినంతగా యంత్రం తెలియదు. నేను ఇక్కడ చెప్పాలనుకున్నది యంత్రం గురించే. అందులోని పనితనాన్ని దగ్గరగా చూస్తే, పనిచేసేవాళ్ల ఆరోగ్యం గురించి పుస్తకాలు చెప్పని కొన్ని సంగతులు అర్థమవుతాయి.

ముందు ఆసు పోయడం అంటే ఏమిటో చూద్దాం.

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, ఆలేరు చుట్టుపక్కల నేసే ఇక్కత్ చీరల్లో బొమ్మ నేతలో పుట్టదు, నేతకు ముందే దారంలో పుడుతుంది. దారాన్ని సాగదీసి పరిచి, దాని మీద బొమ్మ గీసి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో గట్టిగా కట్లు కట్టి, రంగులో ముంచుతారు. కట్లు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. అలా రంగురంగుల ముక్కలుగా మారిన పేక దారాన్ని కండెలకు చుట్టి, నాడెలో పెట్టి నేస్తే, ఒక్కో పోగు తన చోటికి తాను వచ్చి పడి బొమ్మ తేలుతుంది. ఒక పోగు గోరంత పక్కకు జరిగితే చిలుక ముక్కు వంకర పోతుంది. ఇక్కత్ బొమ్మ అంచుల్లో కనిపించే ఆ సన్నని మసక కూడా ఈ పద్ధతి వల్ల వచ్చినదే. అది మితిమీరకుండా ఉంచడమే నేతగాడి నేర్పు.

ఈ మొత్తానికి పునాది ఆసు. చీరకు కావలసిన పేక దారమంతటినీ రంగుకు పంపే ముందు, ఒకే పొడవు మడతలుగా, లెక్క తప్పకుండా, చిక్కు పడకుండా పరిచిపెట్టాలి. అందుకు ఒక చట్రం ఉంటుంది. ఒక కొసన మధ్యలో ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా బోలెడు మేకులు. దారాన్ని మధ్య మేకు దగ్గర నుంచి తీసుకుపోయి ఎదుటి వరుసలోని మొదటి మేకుకు తిప్పి వెనక్కి తేవాలి, మళ్లీ పోవాలి, మళ్లీ తేవాలి. ఆ మేకుకు చెప్పిన లెక్క పూర్తయితే పక్క మేకుకు జరగాలి. చివరి మేకు దాకా పోయేసరికి దారం విసనకర్రలా పరచుకుంటుంది.

ఆ అర్ధచంద్రం ఎందుకో ఒకసారి ఆలోచించండి. మధ్య మేకు నుంచి వంపు మీద ఉన్న ఏ మేకుకైనా దూరం ఒక్కటే. కాబట్టి ఎన్ని వేల మడతలు వేసినా ప్రతి మడత పొడవూ సమానం. ఆ పొడవే రేపు చీర పన్నా అవుతుంది. మేకులను తిన్నగా ఒక గీత మీద పాతితే మధ్యలోవి దగ్గర, చివరివి దూరం అయిపోతాయి. పోగుల పొడవులు మారిపోతాయి, బొమ్మ చెదిరిపోతుంది. ఎవరు మొదట కనిపెట్టారో పేరు నిలవని ఈ చట్రంలో రేఖాగణితం ఉంది. దాన్ని కనిపెట్టినవాళ్లు దారాన్ని అంత శ్రద్ధగా చూసుకున్నారు. దారం పట్టిన చేతి గురించి మాత్రం ఏ ఏర్పాటూ లేదు.

ఆ చేయి ఇంటి ఆడవాళ్లది. ఒక చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే పద్దెనిమిది వేల సార్లు. ఒక్కో కదలికకు మీటరు దూరం అనుకుంటే, కూర్చున్నచోటి నుంచి కదలకుండానే చేయి రోజుకు పద్దెనిమిది కిలోమీటర్లు తిరుగుతుంది. ఒక చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. నాలుగున్నర గంటలు అనుకుని భాగిస్తే ఒక్కో కదలికకు వచ్చేది సెకనున్నర పైచిలుకు, రెండు సెకన్లు కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలో చేయి చాచాలి, మేకు చుట్టూ తిప్పాలి, బిగువు సడలకుండా వెనక్కి తేవాలి, ఇంకో పక్క మనసులో లెక్క పెట్టుకోవాలి. లెక్క తప్పితే ఆ మేకు దగ్గర పోగులు తక్కువో ఎక్కువో అవుతాయి. మధ్యలో ఎవరైనా పిలిస్తే పలకడానికి కూడా లేదు.

బరువు ఏమీ లేదు కదా అనిపిస్తుంది, పట్టుదారమే కదా. నిజమే, హమాలీ ఎత్తే బస్తాతో పోలిస్తే దారం బరువు లెక్కలోకే రాదు. కానీ ఇక్కడ భుజాన్ని తినేది దారం బరువు కాదు, చేయి బరువు. చాచిన చేతిని నిలబెట్టడానికి భుజం కండరాలు సడలకుండా పనిచేస్తూనే ఉండాలి. ఒకే కీలు, ఒకే దిశలో, ఒకే కొలతలో, విరామం లేకుండా కదిలితే ఆ కీలును పట్టి ఉంచే స్నాయువులు వాచిపోతాయి. వాపు తగ్గేలోపు మళ్లీ పద్దెనిమిది వేలు. భుజం, మోచేయి పట్టేస్తాయి. నలభై దాటిన ఆడవాళ్లు చేయి పైకెత్తి జడ వేసుకోలేని స్థితికి వస్తారు. చీరను మెచ్చుకునే కళ్లకు ఈ నొప్పి కనిపించదు. చీర నేసిన మనిషికి పేరు వస్తుంది, ఆసు పోసిన మనిషికి పేరు లేదు. చాలా ఇళ్లలో ఆ పనికి వేరే కూలీ లెక్క కూడా ఉండేది కాదు, ఇంటిపనుల్లో ఒకటిగా కలిసిపోయేది.

1700వ సంవత్సరంలో ఇటలీలోని మోదెనాలో బెర్నార్డీనో రామజ్జీనీ అనే వైద్యుడు పనివాళ్ల జబ్బుల మీద ఒక గ్రంథం వేశాడు. రోగి ఇంటికి వెళ్లినప్పుడు వైద్యుడు అడగవలసిన ప్రశ్నలకు ఆయన ఒక కొత్త ప్రశ్న చేర్చాడు: నువ్వు చేసే పని ఏమిటి? ఈ ప్రశ్న అడగని వైద్యానికి నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది గానీ ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో మల్లేశం అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో కొడుకుకు తెలుసు. చిన్నప్పటి నుంచీ మగ్గం దగ్గరే పెరిగిన పిల్లవాడు. అమ్మ రోజూ చేసే ఆ పద్దెనిమిది వేల కదలికల పక్కనే కూర్చున్నవాడు. ఇక తన వల్ల కాదని ఆమె అన్నప్పుడు, ఆయన మందు కోసమో, కూలి మనిషి కోసమో చూడలేదు. చేయి కదిలే తీరును చూశారు. ఇక్కడే ఆయన పనితనం మొదలైందని నేను అనుకుంటాను.

ఆయన మొదలుపెట్టింది 1992లో. పూర్తయ్యింది 1999లో. మధ్యలో ఏడేళ్లు.

ఏడేళ్లు ఎందుకు పట్టిందో అర్థం కావాలంటే అమ్మ చేయి ఏకకాలంలో ఎన్ని పనులు చేస్తోందో విడివిడిగా చూడాలి. మొదటిది, దారాన్ని మధ్య మేకు నుంచి వంపు దాకా మోసుకుపోయి తేవడం. ఇది తేలిక, అటూ ఇటూ పోయే కదలికను యంత్రాలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి. రెండోది, మేకు దగ్గరకు వెళ్లాక దాని చుట్టూ తిరగడం. తిన్నగా వచ్చిన చేయి అక్కడ గుండ్రంగా తిరిగి మళ్లీ తిన్నగా వెనక్కి రావాలి. మూడోది లెక్క. నాలుగోది, లెక్క పూర్తయిన క్షణంలో, దారం తెగకుండా, బిగువు పోకుండా పక్క మేకుకు జరగడం. అదీ తిన్నని గీత మీద కాదు, వంపు మీద. అయిదోది బిగువు. ఇది మిగిలిన నాలుగింటిలోనూ ఉంటుంది. దారం వదులైతే కట్టు సరిగా కూర్చోదు, రంగు లోపలికి పాకుతుంది. మరీ బిగిస్తే పట్టు తెగుతుంది.

మనిషి చేయి ఈ అయిదింటినీ కలిపి ఒక్క పనిగా చేసేస్తుంది, అందుకే చూసేవాళ్లకు అది సులువుగా కనిపిస్తుంది. యంత్రానికి అలా కుదరదు. ఒక్కోదాన్ని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో భాగం చేసి, మళ్లీ అన్నీ ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా నడిచేలా కలపాలి. ఇంజనీరింగ్ కాలేజీలో ఇది కదలికల విశ్లేషణ అనే పాఠంగా చెబుతారు. మల్లేశం దానికి పేరు తెలియకుండానే చేశారు. మొదట చెక్కతో చట్రం కట్టారు, చేతికి డబ్బు అందినప్పుడల్లా ఒక్కో భాగం చేయించుకున్నారు. ఒక కదలిక కుదిరితే ఇంకోటి చెడేది. నేత కుటుంబంలో ఒక మగవాడు మగ్గం వదిలి యంత్రం పిచ్చిలో పడితే ఇల్లు ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు. ఊరు నవ్వింది, అప్పులు పెరిగాయి. చివరికి హైదరాబాద్ వచ్చి కూలికి పని చేస్తూ, మిగిలిన పైసలతో భాగాలు చేయించుకుంటూ వచ్చారు.

చివరి చిక్కు విడిపోయింది బాలానగర్‌లో. పారిశ్రామికవాడలో ఒకచోట పనికి వెళ్లినప్పుడు అక్కడ నడుస్తున్న ఒక యంత్రంలో తనకు కావలసిన కదలిక కళ్లబడింది. ఆ యంత్రానికీ పట్టుదారానికీ ఏ సంబంధమూ లేదు. అయినా కదలిక అదే. అక్కడ రోజూ పనిచేసేవాళ్లంతా దాన్ని చూస్తూనే ఉంటారు. ఆ ఒక్క కదలిక కోసమే వెతుకుతున్న మనిషికి మాత్రమే అది పట్టింది. దీన్ని అదృష్టం అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఏ ముక్క తక్కువైందో అంత కచ్చితంగా తెలుసుకుని ఉండడమే పనితనం. తెలియనివాడి ముందు బాలానగర్ మొత్తాన్ని పరిచినా ఏమీ దొరకదు.

ఇప్పుడు యంత్రాన్ని చూద్దాం. పాత చట్రాన్ని ఆయన పారేయలేదు. మధ్య మేకు అలాగే ఉంది, ఎదుటి అర్ధచంద్రమూ మేకులూ అలాగే ఉన్నాయి. మారినదల్లా ఆ మధ్యలో తిరిగేది. చేయి ఉండేచోట దారాన్ని పట్టుకుని పోయే భాగం వచ్చింది. చిన్న మోటారు దాన్ని నడుపుతుంది. అది వంపు దాకా పోతుంది, మేకు చుట్టి వస్తుంది, చెప్పిన లెక్క కాగానే పక్కకు జరుగుతుంది. ఇంట్లో ఒక మూల సరిపోతుంది. దీనికోసం కొత్త షెడ్డు వేయనక్కర్లేదు, కొత్త రకం దారం కొననక్కర్లేదు, రంగులు అద్దే మనిషి తన పద్ధతి మార్చుకోనక్కర్లేదు. యంత్రం నుంచి బయటికి వచ్చేది అమ్మ చేతి నుంచి వచ్చిన ఆసు లాంటిదే. తరువాతి మెట్టులో ఉన్నవాళ్లకు తేడా తెలియదు. మధ్యలో దూరే ఏ కొత్త పనిముట్టుకైనా ఇంతకు మించిన మర్యాద ఉండదు.

నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. అంటే ఒక్కో కదలికకు సెకనులో సగం కంటే కాస్త ఎక్కువ. వేగం గొప్పదే, కానీ నా దృష్టిలో అది రెండో సంగతి. మొదటిది, ఆ గంటన్నర సేపు ఆమె చేయి ఖాళీగా ఉంటుంది. దారం ఎలా నడుస్తోందో చూస్తుంది, తెగితే అతుకుతుంది, అయిపోతే కొత్త ఉండ పెడుతుంది. ఇప్పుడు పనిలో ఆమె కన్నూ, అనుభవమూ కావాలి, భుజం అరగనక్కర్లేదు. భుజం నొప్పితో ఆసు మానేసిన పెద్దవాళ్లు కూడా మళ్లీ ఆ పనికి కూర్చోగలరు. తన ఇంటికి సరిపోగా సమయం మిగిలిన వాళ్లు పక్కింటి వాళ్లకు ఆసు పోసి ఇచ్చి డబ్బు తీసుకోవడం మొదలైంది. ఇంటిపనిలో కలిసిపోయి కనిపించకుండా ఉన్న శ్రమకు, యంత్రం వచ్చాక ఒక ధర వచ్చింది. ఇది ఎవరూ ముందుగా ఊహించి ఉండరు.

తరువాత ఆయన చెక్క తీసేసి ఇనుము పెట్టారు, ఎలక్ట్రానిక్ భాగాలు చేర్చారు. బ్రిగేడియర్ గణేశం గారి 'పల్లె సృజన', గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తోడు నిలిచాయి. పేటెంట్ వచ్చింది. యంత్రాలు వందల ఇళ్లకు వెళ్లాయి. దానికి పెట్టిన పేరు అమ్మది, లక్ష్మి.

ఇలాంటిదే ఇంకో కొడుకు కథ జపాన్‌లో ఉంది. సకిచీ టొయోడా అనే వడ్రంగి కొడుకు, ఇంట్లో అమ్మ మగ్గం దగ్గర పడే కష్టం చూసి చెక్క మగ్గాన్ని మెరుగుపరిచాడు. 1891లో దానికి పేటెంట్ వచ్చింది. ఆయన అక్కడ ఆగలేదు. 1924 నాటికి తనంతట తాను నడిచే మగ్గం చేశాడు. 1929లో ఆ హక్కులను ఇంగ్లండ్ కంపెనీ ప్లాట్ బ్రదర్స్‌కు ఇచ్చారు, ఆ డబ్బు ఆయన కొడుకు కార్ల ప్రయత్నానికి ఊతమైంది. మొదట అమ్మ కోసమని మొదలైన మగ్గం చివరికి చేనేత అవసరమే లేని మరమగ్గం అయింది. గొప్ప విజయమే, అందులో సందేహం లేదు. మల్లేశం దారి వేరు. ఆయన యంత్రం నేత జోలికి పోదు, బొమ్మ గీసే చేతి జోలికి పోదు, కట్లు కట్టే వేళ్ల జోలికి పోదు. నేర్పు ఉన్నచోట మనిషిని ఉంచింది, నేర్పు లేకుండా నొప్పి మాత్రమే ఉన్నచోట మనిషిని తప్పించింది. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ ఎంపిక. ఎక్కడ చేయి పెట్టాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు, ఎక్కడ పెట్టకూడదో తెలిసినవాళ్లు తక్కువ.

ఇక్కత్ నేతకు పద్మశ్రీలు అంతకు ముందూ వచ్చాయి. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో. అవి బట్ట మీద కనిపించే అందానికి. 2017లో మల్లేశం గారికి వచ్చినది బట్ట మీద ఎక్కడా కనిపించని మేలుకు. లక్ష్మీ ఆసు యంత్రం మీద పోసిన దారంతో నేసిన చీరను చేతిలో పట్టుకుని చూస్తే ఏ తేడా కనిపించదు. ఆ చీర కట్టుకున్న మనిషికి తెలియకుండానే ఒక భుజం బాగుపడి ఉంటుంది.

యంత్రం అన్నీ తీర్చలేదు, ఆ మాటా చెప్పుకోవాలి. గుంట మగ్గంలో కాళ్లు దింపి రోజంతా కూర్చునేవాళ్ల నడుము, మోకాళ్లు అలాగే ఉన్నాయి. రంగుల ఆవిర్లు పీల్చే ఊపిరితిత్తులు అలాగే ఉన్నాయి. సన్నని పోగుల మీద చూపు నిలిపే కళ్లు అలాగే ఉన్నాయి. ఒక్కో నొప్పికి ఒక్కో మల్లేశం కావాలి.

ఇక మన నిజామాబాద్ వైపుకు వస్తాను. బీడీలు చేసే పనిని ఆసు పనిలాగే విడదీసి చూడండి. తడిపి మెత్తబడిన తునికాకును రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయాలి. కోసిన ఆకులో తంబాకు పరవాలి. వేళ్ల మధ్య చుట్టాలి. దారం కట్టాలి. మూతి మడవాలి. ఒక్క బీడీకి అయిదు పనులు. ఇరవై అయిదుకు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. వెయ్యి బీడీలంటే అయిదు వేల చేతిపనులు, అదీ కత్తెర నొక్కులు విడిగా లెక్కపెట్టకుండా. కూలి వెయ్యికి ఇంత అని కట్టిస్తారు కాబట్టి చేయి ఆపితే పైసా ఆగుతుంది. మెడ చాట మీదికి వంగే ఉంటుంది. కాళ్లు ముడుచుకునో, చాచుకునో నేల మీదే. తంబాకు దుమ్ము ఊపిరిలోకి, దాని సారం వేళ్ల చర్మంలోంచి ఒంట్లోకి. చిన్న పిల్లలు పక్కనే ఆడుకుంటుంటారు.

ఈ పనికి చట్టం లేకపోలేదు. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది, ఇంటి దగ్గర చేసేవాళ్లను కూడా అది కార్మికులుగా గుర్తించింది. అది చిన్న సంగతి కాదు. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది, దాని కింద దవాఖానాలు, పిల్లల చదువుకు సాయం, ఇళ్లకు సాయం ఏర్పడ్డాయి. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు పెన్షన్ మొదలైంది, 2019లో అది నెలకు 2016 రూపాయలైంది. పెన్షన్ ఆదుకుంటుంది, దవాఖాన మందిస్తుంది. రెండూ నొప్పి వచ్చిన తరువాతి సంగతులు. నొప్పి వచ్చే చోటును, అంటే ఆ అయిదు కదలికలను చూసేవాళ్లు ఇంకా చాలామంది రావలసి ఉంది.

బీడీకి యంత్రం పెడితే ఆమెకు పనే పోతుంది కదా అని అడుగుతారు. న్యాయమైన భయం. నాటు యంత్రం వచ్చి నడుము నొప్పి తీసింది, దానితోపాటు నాటు కూలీ కూడా పోయింది. మల్లేశం ఎంపిక ఇక్కడే పనికొస్తుంది. బీడీలో నేర్పు చుట్టడంలో ఉంది, ఎన్ని చేసినా ఒకే లావు, ఒకే బిగువు రావడంలో ఉంది. ఆకు కోయడంలో ఉన్నది చాలా వరకు వేళ్ల నొప్పే. కత్తెరను నొక్కాక దానంతట అదే తెరుచుకునేలా ఒక స్ప్రింగు పెడితే బొటనవేలి శ్రమ తగ్గుతుంది. చాటను ఒళ్లోంచి తీసి ఛాతీ ఎత్తుకు తెచ్చే చిన్న బల్ల ఉంటే మెడ వంగనక్కర్లేదు. వెన్ను ఆనించుకునే పలక, దుమ్మును అవతలికి లాగేసే చిన్న ఫ్యాను. ఇవి పెద్ద కనిపెట్టడాలు కావు. ఆమె పక్కన నాలుగు రోజులు కూర్చుని చూసేవాళ్లు కావాలి, అంతే. తంబాకు మీద బతికే పని ఎల్లకాలం ఉండకూడదని నేనూ కోరుకుంటాను. అది పోయేదాకా, ఇంకో పని దొరికేదాకా, ఆ చేయి ఈ రోజు పనిచేస్తూనే ఉంది కదా.

అందుకే నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు, వాళ్ల సార్లకు ఒక మాట. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం బయట నుంచి కిట్ కొనుక్కొచ్చే బదులు, మీ ఇంట్లోనో పక్కింట్లోనో బీడీలు చేసే అమ్మ దగ్గర కూర్చోండి. ఆమె చేయి గంటకు ఎన్నిసార్లు ఏ దిక్కుకు కదులుతోందో రాసుకోండి. ఏ కదలిక దగ్గర ఆమె ఆగి వేళ్లు విరుచుకుంటుందో చూడండి. ఏం చేయాలో చెప్పే ముందు ఏది తన చేతిలోనే ఉండాలని కోరుకుంటుందో ఆమెనే అడగండి. వీలైతే ఒకసారి ఆలేరు పోయి లక్ష్మీ ఆసు యంత్రం నడుస్తుండగా చూసి రండి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే రైలు దారిలోనే ఆ స్టేషన్ ఉంది. బీడీ కంపెనీలవాళ్లకు కూడా ఇదే మనవి: వెయ్యి బీడీలకు లెక్కకట్టి ఇచ్చే కూలితోపాటు, ఆ వెయ్యీ చేసే మనిషికి ఒక మంచి కత్తెర, ఒక బల్ల ఇవ్వండి. ఆ ఖర్చు మీకు పెద్దది కాదు.